అంగుళానికి ఆరడుగులు

1939 సెప్టెంబరు 6. జర్మనీ మీద బ్రిటన్ యుద్ధం ప్రకటించి మూడు రోజులే అయింది. శత్రు విమానాలు వస్తున్నాయని తెల్లవారుజామున ఒక తప్పుడు కబురు అందింది. 56వ స్క్వాడ్రన్ హరికేన్ విమానాలు గాల్లోకి లేచాయి. వాటినే జర్మన్ విమానాలనుకుని 74వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు కాల్పులు జరిపాయి. రెండు హరికేన్లు కూలిపోయాయి. మాంటేగ్ హల్టన్-హారప్ అనే యువ పైలట్ ప్రాణం పోయింది. ఆ యుద్ధంలో చనిపోయిన మొదటి బ్రిటిష్ ఫైటర్ పైలట్ అతడే. ఆ పూట ఆ చుట్టుపక్కల ఆకాశంలో శత్రు విమానం ఒక్కటి కూడా లేదు. బార్కింగ్ క్రీక్ యుద్ధం అనే పేరుతో చరిత్రలో మిగిలిన ఆ ఉదయం ఒక సంగతి స్పష్టం చేసింది. దూరంగా ఆకాశంలో కదిలే నల్లటి ఆకారం మనదో పరాయిదో చెప్పడం పైలట్లకే కష్టం. ఇక నేల మీద ఫిరంగి దగ్గర నిలబడ్డవాడి సంగతి చెప్పనక్కర్లేదు.

పుస్తకంలో బొమ్మలు చూపిస్తే సరిపోదు. విమానం పక్కకు ఒరుగుతుంది, ముక్కు ఎత్తుతుంది, తోక చూపిస్తుంది, ప్రతి కోణంలో మరో ఆకారంలో కనిపిస్తుంది. దాన్ని చేతిలో పట్టుకుని నాలుగు వైపులా తిప్పి చూడగలిగితే తప్ప కంటికి అలవాటు కాదు. అలా తిప్పి చూడదగ్గ వస్తువు అప్పటికే బ్రిటన్ బొమ్మల దుకాణాల్లో దొరుకుతోంది.

1930ల మొదట్లో జేమ్స్ హే స్టీవెన్స్ అనే ఇంగ్లీషు యువకుడు స్కైబర్డ్స్ పేరుతో చెక్క విమానాల కిట్లు రూపొందించాడు. అంతకుముందు ఎవరికి తోచిన కొలతలో వాళ్ళు చేసేవాళ్ళు. స్టీవెన్స్ అన్ని విమానాలనూ ఒకే లెక్కకు తెచ్చాడు. అసలు విమానంలో ఆరు అడుగులుంటే నమూనాలో ఒక అంగుళం. ఆరడుగుల మనిషి అంగుళం ఎత్తు బొమ్మ అవుతాడు. అడుగుకు 12 అంగుళాల లెక్కన అది 1:72. స్పిట్‌ఫైర్ రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకు 36 అడుగుల 10 అంగుళాలు. ఈ లెక్కలో అది ఆరంగుళాలు దాటి కొద్దిగా ఉంటుంది, అరచేతిలో నిలుస్తుంది. ఒకే లెక్క వల్ల మరో లాభం కూడా కలిగింది. చిన్న ఫైటరునూ పెద్ద బాంబరునూ ఒకే బల్ల మీద పక్కపక్కన పెడితే ఏది ఎంత పెద్దదో ఉన్నదున్నట్టు తెలుస్తుంది. అడుగులూ అంగుళాలూ వాడని దేశాల కంపెనీలు కూడా ఇవాళ ఇదే 72ను పాటిస్తున్నాయి. ఒక కుర్రవాడు తన సౌకర్యం కోసం ఎంచుకున్న అంకె ప్రపంచమంతటికీ ప్రమాణమైంది.

స్కైబర్డ్స్ కొన్నవాడికి పెట్టెలో విమానం దొరికేది కాదు, విమానం కావలసిన చెక్క దొరికేది. చెక్కడం, నున్నచేయడం, అమర్చడం అంతా అతని పనే. 1936లో లండన్‌కు చెందిన ఫ్రాగ్ సంస్థ ఆ పనిలో పెద్ద వాటాను తన మీద వేసుకుంది. అప్పటిదాకా రబ్బరు తాడు మెలితిప్పి ఎగరేసే విమానాలు అమ్మిన ఆ సంస్థ, ఎగరని విమానాలకు పెంగ్విన్ అని పేరు పెట్టి 1:72లో ప్లాస్టిక్ కిట్లు తెచ్చింది. గ్లాడియేటర్, ఫ్యూరీ వంటి నాటి బ్రిటిష్ యుద్ధ విమానాలు ముందుగా వచ్చాయి. ప్లాస్టిక్ విమానాల కిట్లకు శ్రీకారం చుట్టింది ఇవే. వాటికి వాడిన సెల్యులోజ్ అసిటేట్‌కు ఒక జబ్బు ఉంది. ఏళ్ళు గడిచేకొద్దీ అది వంకర్లు తిరుగుతుంది. అందుకే ఆనాటి పెంగ్విన్లు తిన్నని రెక్కలతో ఇవాళ దొరకడం అరుదు.

యుద్ధం అమెరికాను కూడా చుట్టుకున్నాక, విమానాలను గుర్తుపట్టడం నేర్పే నమూనాల తయారీ బడి పిల్లల చేతికి వెళ్ళింది. 1942లో అమెరికా నౌకాదళం 5 లక్షల నమూనా విమానాలు కావాలని దేశంలోని హైస్కూళ్ళను అడిగింది. 50 రకాలు, ఒక్కో రకం 10,000. మిత్ర దేశాలవీ శత్రు దేశాలవీ కూడా. పిల్లలు పైన్ చెక్కను చెక్కి, అట్టలోంచి కోసుకున్న కొలపట్టీలు ఆనించి వంపులు సరిచూసి, చివర మొత్తం నల్ల రంగు పూసేవాళ్ళు. గుర్తులూ రంగులూ అక్కర్లేదు. ఆకాశం ముందు విమానం నీడలాగే కనిపిస్తుంది కనుక ఆ నీడ సరిగ్గా ఉంటే చాలు. ఎక్కువ నమూనాలు చేసి ఇచ్చినవాళ్ళకు గౌరవ హోదాలతో యోగ్యతా పత్రాలు ఇచ్చారు. శిక్షణలో ఉన్న సైనికుడు ఆ నమూనాను 35 అడుగుల దూరం నుంచి చూస్తాడు. 35ను 72తో హెచ్చిస్తే 2,520 అడుగులు, అంటే అసలు విమానాన్ని దాదాపు అరమైలు దూరం నుంచి చూసినట్టు. కాల్చాలా వద్దా అని తేల్చుకోవలసిన దూరం అది. చికాగోలోని క్రూవర్ కంపెనీ తర్వాత ఇవే నమూనాలను ప్లాస్టిక్‌లో పోసి సైన్యానికి పంపింది. 15 ఏళ్ళ పిల్లల చేతుల్లో అంగుళంలో చిన్న వంతు కూడా తేడా రాకుండా తయారైన ఆ నల్ల విమానాలు ఎందరు పైలట్లను సొంత ఫిరంగుల నుంచి కాపాడాయో లెక్క కట్టలేం. నమూనా చేయడం పెద్దలు తలవంచి గౌరవించిన పని అయిన కాలం అది.

యుద్ధం ముగిశాక పిల్లల చేతులు ఖాళీ అయ్యాయి. బ్రిటన్‌లో వాటిని మళ్ళీ నింపినవాడు హంగేరీ నుంచి వచ్చిన యూదు శరణార్థి నికొలస్ కోవ్. 1939లో లండన్‌లో అతను ఎయిర్‌ఫిక్స్ కంపెనీ పెట్టింది గాలి నింపే రబ్బరు బొమ్మల కోసం. యుద్ధం తర్వాత ఇంజెక్షన్ మోల్డింగ్ యంత్రం కొని దువ్వెనలు పోశాడు. 1949లో ఫెర్గూసన్ ట్రాక్టర్ కంపెనీ తన అమ్మకందారుల కోసం చిన్న ట్రాక్టరు నమూనా కావాలని అడిగింది. దాన్ని అమర్చి ఇవ్వడం ఖర్చుతో కూడిన పని కావడంతో ముక్కలుగానే అమ్మడం మొదలైంది. 1952లో గోల్డెన్ హైండ్ ఓడ కిట్ వచ్చింది. వూల్‌వర్త్స్ దుకాణాల్లో రెండు షిల్లింగులకు అమ్మాలంటే పెట్టె ఖర్చు కూడా దండగే. అందుకని ప్లాస్టిక్ సంచిలో ముక్కలు పోసి, పైన కాగితం మడిచి పిన్ను కొట్టారు. బడి పిల్లవాడు వారం వారం దొరికే జేబు డబ్బుతో కొనుక్కోగల ధర అది. ఆ తర్వాత కొద్ది కాలానికే అదే సంచిలో స్పిట్‌ఫైర్ వచ్చింది. విమానం అమ్ముడుపోతుందని కోవ్ నమ్మలేదు. మొండికేస్తే, అచ్చు ఖర్చు మీ దగ్గరే వసూలు చేస్తానని తన మనుషులను బెదిరించాడని ఆ కంపెనీ చరిత్రలో చెబుతారు. అమెరికన్ కిట్ ఒకదాన్ని చూసి చేసిన ఆ స్పిట్‌ఫైర్ ఆకారం నిజానికి తప్పులమయం. దాని ఒంటి మీది అక్షరాలను బట్టి ఇప్పటికీ దాన్ని బీటీకే అనే పిలుస్తారు. అయినా ఎయిర్‌ఫిక్స్ తర్వాతి చరిత్రంతా ఆ తప్పుల స్పిట్‌ఫైర్ వెనకే నడిచింది.

కిట్ పుట్టేది ఉక్కులో. రెండు ఉక్కు దిమ్మెల లోపలి వైపున విమానం ముక్కలన్నీ తిరగేసిన ఆకారంలో చెక్కుతారు. దిమ్మెలు మూసి, కరిగిన పాలిస్టైరీన్‌ను ఒత్తిడితో లోపలికి పంపుతారు. చల్లారాక తెరిస్తే సన్నటి కాడలకు వేలాడుతూ రెక్కలు, తోక, చక్రాలు, పైలట్ కుర్చీ బయటికొస్తాయి. ఆ కాడల చట్రమే స్ప్రూ. ఒక్కసారి అచ్చు చెక్కితే లక్షల కిట్లు పోయవచ్చు, అందుకే కిట్ చవక, అచ్చు ఖరీదు. జిగురు విషయంలోనూ పాలిస్టైరీన్ ఈ పనికి పుట్టినట్టే ఉంటుంది. దాని కోసం చేసిన జిగురు రెండు ముక్కలనూ అంటించి ఊరుకోదు, అంచులను కరిగించి ఒకటి చేస్తుంది. ఆరాక ఆ అతుకు దగ్గర ఉప్పుకాగితం పట్టి రుద్దితే రెండు ముక్కలు అక్కడ కలిశాయన్న ఆనవాలే ఉండదు.

అయితే ఉక్కు చెక్కేవాళ్ళు విమానాన్ని మరీ ప్రేమించిన కాలం ఒకటుంది. 1950లు, 60ల కిట్ల రెక్కల నిండా బొబ్బల్లా రివెట్లు లేచి ఉండేవి. లెక్క వేస్తే దాని తప్పు తెలుస్తుంది. 1:72 నమూనాలో 0.2 మిల్లీమీటర్ల ఎత్తు రివెట్ అసలు విమానం మీద 14 మిల్లీమీటర్లకు పైగా పొడుచుకొచ్చినట్టు. గాలిని చీల్చుకుపోవడానికి రివెట్ తలలను రేకులోకి అణిచి నున్నచేసిన విమానాల మీద ఇలాంటివి ఉండనే ఉండవు. పట్టింపున్నవాళ్ళు సాయంత్రాలు కూర్చుని ఆ రివెట్లన్నీ అరగదీసేవాళ్ళు, వంకర ముక్కును పుట్టీతో దిద్దేవాళ్ళు, మ్యూజియంలకు వెళ్ళి కొలతలు రాసుకొచ్చేవాళ్ళు. 1963లో బ్రిటన్‌లో వాళ్ళంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. అదే తర్వాత దేశదేశాలకూ శాఖలున్న ఇంటర్నేషనల్ ప్లాస్టిక్ మోడలర్స్ సొసైటీ అయింది. కంపెనీలకు తప్పులు చూపించిందీ, సరైనది ఇస్తే నాలుగు డబ్బులు ఎక్కువైనా కొంటామని రుజువు చేసిందీ వీళ్ళే.

పెట్టె మీద బొమ్మ గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. 1964లో రాయ్ క్రాస్ ఎయిర్‌ఫిక్స్‌కు చిత్రకారుడిగా వచ్చాడు. యుద్ధకాలంలో ఫెయిరీ విమానాల కంపెనీలో సాంకేతిక చిత్రాలు గీసినవాడు కనుక ఏ గొట్టం ఎక్కడుంటుందో, ఏ రేకు ఎక్కడ అతుకుతుందో అతనికి తెలుసు. డోర్నియర్ 217తో మొదలుపెట్టి పదేళ్ళు గీశాడు. మండుతున్న ఇంజన్లు, ఒరిగిన రెక్కలు, కింద గట్టు తాకుతున్న సముద్రం. సంచిలోని బూడిదరంగు ముక్కలకు ఏ రంగులు వేయాలో, ఎక్కడ మసి పట్టాలో పిల్లలకు మొదట నేర్పింది ఆ బొమ్మలే. తర్వాతి రోజుల్లో పిల్లల వస్తువు మీద హింస ఎందుకని పేలుళ్ళూ బాంబులూ ఆ చిత్రాల్లోంచి చెరిపేశారు. నూరేళ్ళు నిండిన క్రాస్ 2024లో కన్నుమూశాడు.

చెక్క నుంచి ప్లాస్టిక్‌కు ఇదే ప్రయాణం జపాన్‌లోనూ సాగింది, మరింత బాధతో. షిజుఓకా పట్టణంలో చెక్కపనివాళ్ళ పరంపర పాతది. సెంగెన్ ఆలయ నిర్మాణానికి వచ్చిన పనివాళ్ళు అక్కడే స్థిరపడ్డారని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. హసెగావా, తమియా కంపెనీలు అక్కడే చెక్క నమూనాలతో ఎదిగాయి. తమియా కుటుంబానిది 1946లో పెట్టిన కలప వ్యాపారం. 1951లో అగ్నిప్రమాదం దాన్ని కాల్చేసింది. అప్పు మీద, నమూనాల మీద నిలబడి మళ్ళీ మొదలుపెట్టారు. 1960లో తొలి ప్లాస్టిక్ కిట్‌గా యమాతో యుద్ధనౌకను తెస్తే, పోటీ కంపెనీ తక్కువ ధరకు అదే ఓడ అమ్మి వాళ్ళను ముంచేసింది. అక్కడి నుంచి లేచి నిలబడ్డది పాంథర్ ట్యాంకు కిట్‌తో. ఆ కుటుంబానికి చెందిన షున్‌సాకు తమియా పట్టుబట్టింది ఒక్కటే, ముక్కకు ముక్క బిగుతుగా అమరాలి. 1980ల నాటికి జపాన్ కిట్లలో రేకుల అతుకులు ఉబ్బెత్తు గీతలుగా కాక సన్నటి చెక్కుడు గీతలుగా రావడం మామూలైంది. అరగదీసే పని అక్కడితో తగ్గిపోయింది.

ఆకారం ఎంత కచ్చితమైందంటే ప్రభుత్వాలకు భయం పుట్టింది. 1961లో అమెరికన్ కంపెనీ రెవెల్, జార్జ్ వాషింగ్టన్ అణు జలాంతర్గామి కిట్‌ను 2.98 డాలర్లకు అమ్మింది. ఇంత తక్కువకు శత్రువు మన రహస్యాలు కొనుక్కోవచ్చు కదా అని అమెరికా నౌకాదళ అడ్మిరల్ రికోవర్ మండిపడ్డాడు. 1986లో టెస్టర్స్ కంపెనీ ఇంకా ముందుకెళ్ళింది. ప్రభుత్వం ఉందని కూడా ఒప్పుకోని స్టెల్త్ విమానానికి ఎఫ్-19 అని పేరు పెట్టి, జాన్ ఆండ్రూస్ అనే రూపకర్త ఊహతో కిట్ చేసింది. మాకు చూపించని విమానం బొమ్మల దుకాణంలో ఎలా అమ్ముతున్నారని అమెరికా కాంగ్రెస్‌లో ప్రశ్నలు లేచాయి. 1988 నవంబరులో అసలు విమానం ఎఫ్-117 బయటపడింది. కిట్‌లో అన్నీ గుండ్రటి వంపులు, అసలుది పలకలు పలకలుగా కోసిన వజ్రంలా ఉంది. రాడార్‌కు దొరక్కుండా విమానం చేసిన ఇంజనీర్లు నమూనాకారుల కంటికి కూడా దొరకలేదన్నమాట.

రాజకీయం అచ్చుల మీద కూడా పడింది. ఫ్రాగ్ సంస్థ 1970ల నడుమ మూతపడ్డాక దాని ఉక్కు అచ్చులు సోవియట్ యూనియన్‌కు వెళ్ళాయి. నోవో అనే పేరుతో అక్కడి కర్మాగారాలు కిట్లు పోశాయి. కానీ జర్మన్, జపాన్, ఇటలీ యుద్ధ విమానాల అచ్చులు మాకొద్దని సోవియట్లు తిప్పికొట్టారు. అవి రెవెల్‌కు చేరాయి. ఎయిర్‌ఫిక్స్ కూడా 1981లో దివాలా తీసి, చేతులు మారి, 2006 చివర్లో హార్న్‌బీ గూటికి చేరింది.

ఇవాళ కంపెనీలు మ్యూజియంలోని విమానాన్ని లేజర్‌తో కొలిచి, కంప్యూటర్‌లో గీసి, అచ్చు చెక్కిస్తున్నాయి. చెక్కను చెక్కిన 1932 నాటి కుర్రవాడి పనిలో దాదాపు అంతా కర్మాగారానికి వెళ్ళిపోయింది. ఇంటి బల్ల మీద మిగిలింది రంగు. అసలైన చరిత్ర పరిశోధన అక్కడే జరుగుతోందనడం అతిశయోక్తి కాదు. ఎందుకంటే ఆకారానికి మ్యూజియంలో సాక్ష్యముంది, రంగుకు లేదు. రంగు వెలుస్తుంది, మళ్ళీ పూస్తారు, నలుపు-తెలుపు ఫోటో దాన్ని చెప్పదు.

యుద్ధకాలపు బ్రిటిష్ ఫైటర్ల కడుపు రంగునే తీసుకోండి. ఆ లేత ఆకుపచ్చని రంగు పేరు స్కై. దాని వెనక ఒక భారతీయ కథ ఉంది. నిఘా ఫోటోల విమానాలు నడిపిన సిడ్నీ కాటన్ ఒకనాడు లండన్ దగ్గరి హెస్టన్ విమానాశ్రయంలో నిలబడి ఉండగా జోధ్‌పూర్ మహారాజు సొంత విమానం లేచిందట. లేత ఆకుపచ్చగా ఉన్న ఆ విమానం చూస్తూండగానే ఆకాశంలో కలిసిపోయిందట. కాటన్ అలాంటి రంగే కలిపించి కామోటింట్ అన్నాడు. వైమానిక దళం దాన్ని స్కైగా స్వీకరించి 1940 జూన్‌లో ఫైటర్లన్నిటికీ పూయమంది. కానీ కావలసినంత రంగు డిపోలకు చేరలేదు. ఎక్కడికక్కడ ఉన్న డబ్బాలు కలుపుకున్నారు. కొన్ని నీలంగా, కొన్ని పచ్చగా తేలాయి. పై రంగులైన మట్టిగోధుమ, ముదురు ఆకుపచ్చ చారలకూ నియమముంది. ఎ, బి అని రెండు నమూనాలు, ఒకటి మరొకదానికి అద్దంలో బింబం. విమానం నంబరును బట్టి ఒకదాని తర్వాత ఒకటి మార్చి వేసేవాళ్ళు. ఈ గజిబిజిని తేల్చడానికే 1976లో అసలు రంగు ముక్కలు అతికించిన ఒక పుస్తకం రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం ద్వారా వచ్చింది. హల్ నగరంలో పుట్టిన హంబ్రోల్ రంగుల డబ్బాల్లో ఆ మూడు రంగుల నంబర్లు 29, 30, 90 అని పాత నమూనాకారులు నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

సరైన రంగు దొరికినా పని అయిపోదు. అరమైలు దూరంలోని విమానం రంగు మధ్యలోని గాలి వల్ల కాస్త వెలిసినట్టు కనిపిస్తుంది. నమూనాను చూడడం కూడా అసలు విమానాన్ని ఎంతో దూరం నుంచి చూడడంతో సమానం కనుక అసలు డబ్బా రంగు పూస్తే నల్లబడినట్టు అనిపిస్తుంది. అందుకే కొద్దిగా తెలుపు కలుపుతారు. ఎయిర్‌బ్రష్‌తో పల్చటి పొరలు పొరలుగా చల్లుతారు. గుర్తుల డెకాళ్ళు నీళ్ళలో నానబెట్టి జారవిడిచేముందు మెరుపు వార్నిష్ తప్పనిసరి. లేకపోతే కింద గాలి చిక్కుకుని అంచులు వెండిలా మెరుస్తాయి. తర్వాత అతుకుల గీతల్లో పల్చటి నల్లరంగు పారించి తుడుస్తారు. పొగగొట్టాల వెనక మసి, రెక్క మొదట్లో మెకానిక్కులు ఎక్కి దిగిన అరుగుదల, చివర మెరుపు తగ్గించే మ్యాట్ వార్నిష్. ఒక్కో పొర ఆరేదాకా ఆగాలి. ఈ ఓపికను కర్మాగారం ఎవరికీ అమ్మలేదు.

హైదరాబాద్ పేరు కూడా ఈ రంగుల చరిత్రలో ఉంది. 1918లో బ్రిటిష్ వైమానిక దళపు 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ విమానాలు నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కానుకగా ఇచ్చాడు. ప్రతి విమానం మీదా ఆ కానుక సంగతి రాసి ఉండేది. ఆ స్క్వాడ్రన్ పేరే 110 (హైదరాబాద్). రెండో యుద్ధంలో స్పిట్‌ఫైర్ల 152 (హైదరాబాద్), హరికేన్ల 253 (హైదరాబాద్ స్టేట్) స్క్వాడ్రన్లు వచ్చాయి. కోస్తా, సీమ జిల్లాలున్న మద్రాసు ప్రెసిడెన్సీ పేరు 79వ, 234వ స్క్వాడ్రన్లకు దక్కింది. 152వ స్క్వాడ్రన్ చిహ్నం మీద నిజాం తలపాగా, దాని కింద విశ్వాసపాత్రుడైన మిత్రుడు అనే అర్థంలో రెండు ఇంగ్లీషు మాటలు. ఆ ప్రజలను అడిగి ఇచ్చిన డబ్బు కాదది. అయినా ఆ విమానాల మీదికి మన ఊళ్ళ పేర్లు చేరడం చరిత్రలో జరిగిన సంగతే, దాన్ని నమూనా మీద సరిగ్గా నిలపడం న్యాయం.

ఒక్క 152వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్‌నే చేయాలనుకున్నవాడు ముందు నెల తేల్చుకోవాలి. 1940 వసంతంలో ఉత్తర ఇంగ్లండ్‌లోని ఆక్లింగ్టన్‌లో ఉన్నప్పుడైతే కడుపు సగం నలుపు, సగం తెలుపు. జులైలో దక్షిణాన వార్మ్‌వెల్ చేరాకైతే స్కై, పక్కన యూఎం అక్షరాలు. అదే స్క్వాడ్రన్ బర్మాకు వచ్చాకైతే ఎనిమిదో రకం స్పిట్‌ఫైర్. జపాన్ గుర్తని పొరబడకుండా గుండ్రటి గుర్తులో ఎరుపు తీసేసి రెండు నీలాలే ఉంచారు, రెక్కలకు తెల్లటి పట్టీలు వేశారు. పక్కన ఆ నీలి గుర్తులోంచి దూకుతున్న నల్ల చిరుతపులి. నమూనాకారులకు అమితంగా నచ్చిన స్పిట్‌ఫైర్లలో అదొకటి. ఆ చిరుతను డెకాల్‌తో అతికించేవాళ్ళూ ఉన్నారు, మూడు వెంట్రుకల బ్రష్షుతో చేత్తో దిద్దేవాళ్ళూ ఉన్నారు.